డాక్టర్ తాహా హుసేన్

1889లో ఈజిప్టులోని ఓ పల్లెలో పుట్టిన తాహా హుసేన్‌కు పసితనంలో కళ్ళజబ్బు చేసింది. నాటువైద్యంతో ఉన్న చూపు కాస్తా పోయింది.

ఒకరోజు భోజనాలవేళ ముద్దను రెండు చేతులా పట్టాడు. అన్నదమ్ములు పక్కున నవ్వారు, తల్లి కంటతడి పెట్టింది, అలా కాదు నాయనా అని తండ్రి దిగులుగా చెప్పాడు. ఆ రాత్రి పిల్లవాడికి నిద్ర లేదు. ఇక చెంచాతో తినేవేవీ ముట్టకూడదనుకున్నాడు. పాతికేళ్ళు దాటేదాకా అదే పట్టు! మన ఇళ్ళలో ఇలాంటి నవ్వులు లేవంటారా?

అల్ అజ్‌హర్‌లో చదివి, 1914లో కైరోలో డాక్టరేట్ పొందారు. రాసిన గ్రంథం కూడా మరో అంధకవి అబుల్ అలా మఅర్రీ మీదే. ఫ్రాన్సులో పుస్తకాలు చదివి వినిపించిన సుజాన్‌ను 1917లో పెళ్ళాడారు. ఆమె చేతిలోనే ఆ పట్టు సడలింది.

1950లో విద్యామంత్రి అయి హైస్కూలు ఫీజులు తీసేయించారు. 1973లో కన్నుమూసేదాకా సుజాన్ తోడుగానే ఉన్నారు.