హేండెల్ – ఆయన వాద్యబృందము

క్రిస్మస్, ఈస్టర్ పండుగలు సమీపించినప్పుడు గాయక బృందములు హల్లెలూయ కోరస్ అభ్యసించుట మన సంఘస్థులు ఎరిగినదే. శతవార్షికోత్సవ సందర్భమున ఆ కోరస్‌ను క్రైస్తవ లోకమునకిచ్చిన సంగీతకారుని జీవితమును, ఆయన కూర్చిన వాద్యబృందపు అమరికను క్లుప్తముగా వివరింపగోరుచున్నాము.

జార్జి ఫ్రెడరిక్ హేండెల్ 1685 ఫిబ్రవరి 23న జర్మనీలోని హాల్లే పట్టణమున జన్మించెను. తల్లి లూథరన్ పాదిరిగారి కుమార్తె. తండ్రి శస్త్రవైద్యుడు. కుమారుడు న్యాయవాది కావలెనని తండ్రి పట్టుదల. బాలుని మనస్సంతయు సంగీతము మీదనే. ఆ ఊరి దేవాలయములో ఆర్గన్ వాయించు జాఖౌ ఆయనకు గురువై ఆర్గన్, హార్ప్సికార్డ్, ఫిడేలు నేర్పెను.

హాల్లే మనకు పరాయి ఊరు కాదు. 1706లో తరంగంబాడి చేరిన సీగన్‌బాల్గ్ అక్కడి విశ్వవిద్యాలయములో చదివినవాడే. మద్రాసులో పనిచేసి తెలుగు నేర్చిన మిషనరీ బెంజమిన్ షుల్జ్ స్వదేశమునకు మరలి, 1746లో తెలుగు క్రైస్తవ పుస్తకములను అచ్చు వేయించినదియు అక్కడనే. హేండెల్‌ను పెంచిన పట్టణమే మన భాషకు అచ్చు అక్షరములనిచ్చినదని తలంచినప్పుడు దేవుని నడిపింపు మనకు ఆశ్చర్యము కలిగించును.

1703లో హేండెల్ హాంబర్గు చేరి, అక్కడి సంగీత నాటకశాలలో రెండవ ఫిడేళ్ళ వరుసలో కూర్చుండెను. ప్రధాన రాగమును మొదటి ఫిడేళ్ళు పలుకగా, దాని క్రింద నిలిచి ఆసరా ఇచ్చుట ఆ వరుస పని. అటుపిమ్మట ఇటలీలో కొన్ని సంవత్సరములు గడిపి, 1710లో లండను చేరెను. 1727లో బ్రిటిషు పౌరుడై, ఆ యేడే రెండవ జార్జి పట్టాభిషేకమునకు గీతములు కూర్చెను.

అయితే కీర్తి నిలకడ గలది కాదు. ఆయన నడిపిన సంగీత నాటకములకు క్రమముగా ఆదరణ తగ్గెను. 1737లో పక్షవాతము వచ్చి కుడిచేయి పడిపోయెను. వాయించువానికి చేయి పడిపోవుట ఎట్టి శోధనయో వేరుగా చెప్పనక్కరలేదు. జర్మనీలోని వేడినీటి బుగ్గలలో చికిత్స పొంది ఆయన తిరిగి కోలుకొనెను.

1741లో చార్లెస్ జెన్నెన్స్ అను మిత్రుడు పరిశుద్ధ గ్రంథములోని మాటలనే ఏర్చి కూర్చి ఆయనకిచ్చెను. హేండెల్ ఆగస్టు 22న ఆరంభించి, 24 దినములలో ‘మెస్సయ’ను ముగించెను. 1742 ఏప్రిల్ 13న ఐర్లండులోని డబ్లిన్ నగరమున అది మొదట వినిపింపబడెను. జనము ఎక్కువగా పట్టునట్లు స్త్రీలు వెడల్పాటి పావడాలును, పురుషులు కత్తులును ధరింపక రావలెనని ముందుగా మనవి చేసిరి. సుమారు 700 మంది హాజరైరి. వచ్చిన పైకము రెండు ఆసుపత్రులకును, అప్పు తీర్చలేక చెరలోనున్న వారికిని పంచబడెను. 142 మంది ఋణగ్రస్తులు చెర విడిపింపబడిరి.

ఇక ఆ వాద్యబృందమును చూతము. డబ్లినులో తీగెవాద్యములు, రెండు బూరలు, జంట నగారాలు ప్రధానము. లండనులో మరికొన్ని చేరెను. 1754లో అనాథ శిశువుల ఆశ్రమములో జరిగిన ప్రదర్శన లెక్కలు నిలిచియున్నవి. ఫిడేళ్ళు, వాటికంటె కొంచెము పెద్దవైన వయొలాలు కలిసి 20. మోకాళ్ళ నడుమ నిలిపి వాయించు చెల్లోలు 3. నిలువెత్తు డబుల్ బేసులు 2. మన సన్నాయి వలె పీకతో ఊదు ఓబోలు 4. మంద్రస్వరము పలుకు బాసూన్లు 4. బూరలు 2, కొమ్ములు 2, నగారాలు. అంతా నలుబది మందికి లోపే. గాయకులు అంతకంటె తక్కువ.

ఇందులో గమనింపదగిన విషయమొకటి కలదు. ఫిడేళ్ళు మొదటినుండి చివరివరకు శ్రమపడును. ఓబోలు గాయకుల స్వరమును బలపరచును. బాసూన్లు క్రింది స్వరమునకు తోడగును. బూరలు దేవదూతల పాటయొద్ద దూరమునుండి వినిపించినట్లు మెల్లగా మ్రోగి మరల ఊరకుండును. నగారాలైతే రెండవ భాగాంతమున హల్లెలూయ వచ్చువరకు పలుకనే పలుకవు. తరువాత కడపటి గీతమందు మాత్రమే మ్రోగును. నగారా వాయించువాడు రెండు భాగములు మౌనముగా కూర్చుండును గనుకనే ఆ ధ్వని వినువారి హృదయమును కదలించును. వేచియుండుట కూడ సేవయే.

పెద్ద బృందము కూర్చుట హేండెల్‌కు తెలియనిది కాదు. 1749లో రాజుగారి బాణసంచా ఉత్సవమునకు 24 ఓబోలు, 12 బాసూన్లు, 9 బూరలు, 9 కొమ్ములతో సంగీతము వ్రాసెను. ఆ యేడే అనాథ శిశువుల ఆశ్రమ సహాయార్థము దానిని వినిపించెను. ఆశ్రమపు ప్రార్థనాలయమునకు ఆర్గన్ బహూకరించెను. 1750 మొదలు అక్కడ ‘మెస్సయ’ను వినిపించి నిధులు చేకూర్చెను.

1751లో ‘యెఫ్తా’ వ్రాయుచుండగా చూపు మందగించి, తరువాత పూర్తిగా పోయెను. అయినను ఆయన ఆర్గన్ విడువలేదు. 1759 ఏప్రిల్ 6న ‘మెస్సయ’కు హాజరై, ఎనిమిది దినముల తరువాత, ఏప్రిల్ 14న, ఈస్టరుకు ముందటి శనివారమున కన్నుమూసెను. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఆయన సమాధి కలదు. తన మరణశాసనములో ‘మెస్సయ’ స్వరప్రతిని ఆశ్రమమునకును, 1,000 పౌనులను నిరుపేద సంగీతకారుల నిధికిని వ్రాసియిచ్చెను.

నేడు అనేక సంఘములలో ఒక్క కీబోర్డుతోనే సకల వాద్యముల ధ్వనియు వినిపించుచున్నాము. అది సౌకర్యమే, కాని ఫిడేలు పట్టిన పెద్దలు, తబలా వాయించిన సహోదరులు వెనుక బల్లలకు చేరిరి. వారి చోటును వారికి మరల ఇయ్యవలెనని మా మనవి. వాద్యములు కొనుటా, బీదలకిచ్చుటా అని సంఘ కమిటీలలో వాదములు జరుగును. హేండెల్ వాద్యములచేతనే బీదలకు పెట్టెను. మన రెండవ శతాబ్దపు పాట చెరలోనివారికిని, తల్లిదండ్రులు లేని పిల్లలకును మేలు చేయు పాటయగును గాక. ఆమేన్.