మసిలో క్యాన్సర్‌ను గుర్తించిన పెర్సివల్ పాట్

రైల్వే ఉద్యోగాలతో తెలుగు కుటుంబాలు స్థిరపడిన బిలాస్‌పూర్‌లో, అర్పా నది అవతల ఉన్న పేట సర్కండా. అక్కడి సీపత్ రోడ్డులోనే బొగ్గు సంస్థ ఎస్ఈసీఎల్ ప్రధాన కార్యాలయం ఉంది. ఇంకా ముందుకు వెళితే 2,980 మెగావాట్ల ఎన్టీపీసీ థర్మల్ కేంద్రం. బొగ్గు మసికి, క్యాన్సర్‌కు సంబంధం ఉందని మొదట పసిగట్టిన వైద్యుడు మాత్రం 18వ శతాబ్దపు లండన్‌వాసి.

పెర్సివల్ పాట్ 1714లో పుట్టారు. పసితనంలోనే తండ్రి పోయారు. సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రి సర్జన్ ఎడ్వర్డ్ నోర్స్ దగ్గర పని నేర్చుకుని, 1749లో అక్కడే సర్జన్ అయ్యారు. 1756లో గుర్రం మీంచి పడి కాలు విరిగింది. కుదుపులకు గాయం ముదురుతుందని తెలిసిన మనిషి కదా, నేల మీదే పడుకుని, ఒక తలుపు కొనిపించి, దాని మీద మోయించుకుని ఇంటికి చేరారు. కాలు తీసేయబోతున్న సర్జన్లను ఆఖరి క్షణంలో వచ్చిన నోర్స్ ఆపారు. గురువు పుణ్యాన కాలు దక్కింది.

ఆయన పేరు నిలిపింది 1775లో అచ్చయిన కొన్ని పేజీలే. అప్పట్లో నాలుగైదేళ్ల పేద పిల్లలను ఇరుకు చిమ్నీల్లోకి ఎక్కించి మసి దులిపించేవారు. పెద్దయ్యాక వారిలో కొందరికి వృషణాల తిత్తి మీద పుండు లేచేది. వైద్యులు దాన్ని సుఖవ్యాధి అనుకుని పాదరసం ఇచ్చేవారు. రోగం ఒకటి, మందు మరొకటి. అది చర్మం ముడతల్లో పేరుకున్న మసి వల్ల వచ్చే క్యాన్సర్ అని, మొదట్లోనే కోసి తీసేయాలని పాట్ రాశారు. ఒక వృత్తిలోని పదార్థాన్ని క్యాన్సర్‌కు కారణంగా చూపడం అదే మొదలు.

1788లో బ్రిటన్ ఎనిమిదేళ్లలోపు పిల్లలను ఆ పనిలో పెట్టుకోకూడదని చట్టం చేసింది. దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. అదే ఏడాది డిసెంబరులో పాట్ చనిపోయారు. పిల్లలను చిమ్నీలెక్కించడం నిజంగా ఆగింది 1875 చట్టంతోనే.

మసిలో ఏముందో తేలడానికి ఇంకా ఆలస్యమైంది. జపాన్‌లో యమగివా, ఇచికావా కుందేళ్ల చెవులకు తారు పూసి క్యాన్సర్ పుట్టించారు. 1933లో బొగ్గు తారు నుంచి బెంజోపైరీన్‌ను వేరు చేశారు. పాట్ చూసిన మసి చర్మానికి అంటుకునేది. ఇప్పటి పీఎం 2.5 కణాలు 2.5 మైక్రాన్లలోపే ఉండి ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరతాయి. 2013లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వీటిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఇవి ఊపిరితిత్తుల్లో వాపు తెచ్చి, అప్పటికే లోపమున్న కణాలను క్యాన్సర్ వైపు నెడతాయని 2023లో లండన్ పరిశోధకులే చూపారు.

ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. భారత ప్రమాణం 40. సర్కండాకు వర్తించేది రెండోదే.