పడని మందుకు బదులు చూపిన భీమవరం డాక్టరు

పోయిన వేసవిలో మా సైటులో పనిచేసే నరసాపురం కుర్రాడి కాలికి రాడ్డు గీసుకుంది. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. సిక్ లీవు పెడితే ఓటీ పోతుందని మనోళ్ల భయం తెలిసిందే కదా. మూడో రోజుకి కాలు వాచి బూటు ఎక్కలేదు. సూపర్‌వైజర్ని కాబట్టి షార్జాలో ఓ క్లినిక్‌కి నేనే తీసుకెళ్లాను. మందు రాసేముందు డాక్టరు, ఏవైనా మందులు పడవా అని అడిగాడు. చిన్నప్పుడు ఏదో సూది పడలేదని అమ్మ అంటుండేదని కుర్రాడు చెప్పాడు. ఏ సూది? తెలియదు. పడకపోతే ఏమైంది? అదీ తెలియదు.

డాక్టరు అక్కడి నుంచే ఊరికి ఫోన్ చేయించాడు. గొంతునొప్పికి పెన్సిలిన్ సూది వేశారట. అయిదు నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు వాపు, ఊపిరాడక ఆయాసం. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే బతికాడట. ఇరవై ఏళ్ల కిందటి ముచ్చట. అది విన్న డాక్టరు పెన్సిలిన్ జాతి మందులన్నీ పక్కనపెట్టి డాక్సీసైక్లిన్ రాసిచ్చాడు.

రూముకొచ్చాక ఆ మందు సంగతి చదివితే ఆశ్చర్యం వేసింది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందిన మందు అది. ఆ కుటుంబంలో మొట్టమొదటిది 1948లో లోకానికి తెలిసింది. అది పుట్టిన లేబొరేటరీలో పరిశోధనలకు పెద్దగా ఉన్నది మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పుట్టింది భీమవరంలో. నరసాపురం నుంచి బస్సెక్కితే గంట ప్రయాణం.

సుబ్బారావు పేరు మనలో చాలామందికి స్కూలు పుస్తకాల్లో చదివినదే. ఆయనా మనలాగే ఇల్లు విడిచి పరాయి దేశంలో కష్టపడ్డ మనిషి అన్న సంగతి మాత్రం గుర్తుండదు.

1895 జనవరి 12న పుట్టాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో డబ్బుకి కటకట. చదువు మీద మనసు నిలవని పిల్లాడు. పదమూడేళ్లకే కాశీ పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుని సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోయాడని చెబుతారు. వెంకమ్మ పట్టుకొచ్చి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది. మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కాడు. సన్యాసుల్లో కలుస్తానంటే ఆమే అడ్డుపడింది. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాక గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టాడు. దాంతో సర్జరీ ప్రొఫెసరుకి కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ చేతికిచ్చారు. సర్టిఫికెట్ వల్ల పోస్టు చిన్నదైపోవడం ఏమిటో నాలాంటి డిప్లొమా వాడికి వేరే చెప్పక్కర్లేదు.

ఆయన్ని కుదిపేసింది స్ప్రూ అనే జబ్బు. తిన్న తిండి ఒంటికి పట్టదు. విరేచనాలు, నోటిపూత, రక్తహీనత, మనిషి ఎండుపుల్ల అవుతాడు. తోడబుట్టిన వాళ్లిద్దరిని అది కొద్దికాలం తేడాలోనే తీసుకుపోయింది. సుబ్బారావుకీ వచ్చింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో గట్టెక్కాడు. ఆ తర్వాత మద్రాసు ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పాడు. కానీ అన్నదమ్ములను చంపిన జబ్బు గుట్టు ఏమిటన్నది మనసులో ఉండిపోయింది.

అమెరికా వెళ్లాలంటే డబ్బెక్కడిది? మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి కొంత సర్దారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ట్రస్టు సాయం చేసింది. ఆ నాయకర్ గారు రంగూన్ వెళ్లి సంపాదించిన వాడు. ఆ రోజుల్లో మన కోస్తా వాళ్లకి రంగూన్ అంటే ఇప్పటి దుబాయ్ లాంటిదే. అంటే సుబ్బారావు చదువుకి తోడైంది కూడా సముద్రం దాటి సంపాదించిన సొమ్మే.

1922 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగాడు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. ఆయన వెళ్లాక కొడుకు పుట్టాడు, పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ మొహం చూడనేలేదు. మూడేళ్లలో వస్తానన్న మనిషి మళ్లీ ఇండియా గడ్డ మీద కాలు పెట్టలేదు. దీనిమీద ఆయన్ని తప్పుపట్టేవాళ్లు ఉన్నారు. రెండేళ్ల కాంట్రాక్టు మీద వచ్చి పన్నెండేళ్లుగా ఇక్కడే ఉన్న నేను ఆ మాట అనలేను.

హార్వర్డ్‌లో చదువు పగలు. రాత్రిళ్లు బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో పోర్టర్ పని, రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి కడిగే పని. డాక్టరు పట్టా ఉన్న మనిషి ఆ పని చేశాడు. 1925లో ప్రొఫెసర్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ఇద్దరి పేర్లూ దానికి అలాగే నిలిచాయి. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియేటిన్, ఏటీపీల మీద పని ఆ తర్వాత జరిగింది. 1930లో డాక్టరేటు వచ్చింది. హార్వర్డ్ మాత్రం పర్మనెంట్ చేయలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ లేబొరేటరీలో చేరాడు. అక్కడ ఎనిమిదేళ్లలో ఆయన బృందం చేసింది చూస్తే ఒక మనిషి జీవితానికి అంత పని ఎక్కువే అనిపిస్తుంది.

1945లో ఫోలిక్ యాసిడ్‌ను లేబొరేటరీలో తయారుచేశారు. గర్భిణులకు ఇప్పటికీ ఇస్తున్న మాత్ర అదే. దాన్ని పోలి ఉండి, పనిలో దానికి ఎదురు తిరిగే అమినోప్టెరిన్ కూడా అక్కడిదే. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని బ్లడ్ క్యాన్సర్ పిల్లలకిచ్చి చూశాడు. 16 మందిలో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గిందని 1948లో ప్రకటించాడు. అంతకుముందు అదే జబ్బు పిల్లలకు ఫోలిక్ యాసిడ్ జాతి మందులిస్తే జబ్బు ఇంకా ముదిరినట్టు కనబడింది. తల్లికి మేలు చేసే పదార్థం జబ్బు పిల్లాడికి చెరుపు చేసింది.

1947లో బోదకాలు మందు హెట్రజాన్ వచ్చింది. మా గోదావరి జిల్లాల్లో ఫైలేరియా మాత్రలని ఇంటింటికీ పంచేది దాన్నే. రెండేళ్లలోపు పిల్లలకి, గర్భిణులకి, జబ్బు ముదిరిన వాళ్లకి ఇవ్వరు. వేసుకున్నాక కొందరికి జ్వరం, దురద వస్తాయి. మందు పడలేదని జనం మిగతా మాత్రలు పారేస్తారు. నిజానికి చాలాసార్లు అది మందు తెచ్చే ఎలర్జీ కాదు, లోపల పురుగులు చచ్చి ఒళ్లు తిరగబడటం. అసలు ఎలర్జీ లాంటి జబ్బు ఇంకొకటుంది. ఆ ఫైలేరియా పురుగు మీద ఒళ్లు మితిమీరి రెచ్చిపోయి, రాత్రిళ్లు ఆస్తమాలా దగ్గు, పిల్లికూతలు వస్తాయి. ట్రాపికల్ ఈసినోఫీలియా అంటారు. దానికీ మందు హెట్రజానే.

ఇక ఆరియోమైసిన్. లెడర్లీలో బెంజమిన్ డగ్గర్ అనే పెద్దాయన ఉండేవాడు. యూనివర్సిటీ రిటైర్ చేస్తే డెబ్బై దాటిన వయసులో వచ్చి చేరాడు. మిస్సోరీ నుంచి తెచ్చిన మట్టిలో బంగారు రంగు బూజులాంటిది ఆయనకు దొరికింది. అందులోంచి వచ్చిన మందు 1948లో వైద్యులకు తెలిసింది. టెట్రాసైక్లిన్లలో మొదటిది అదే. సూదే కాక మాత్రగా కూడా పనిచేసింది. దాని నిర్మాణానికీ పెన్సిలిన్‌కీ పోలికే లేదు. అందుకే పెన్సిలిన్ పడనివాళ్లకు అది మరో దారి అయింది.

పెన్సిలిన్ ఎలర్జీలో జరిగేది ఇదీ. మొదటిసారి మందు లోపలికెళ్లినప్పుడు ఒళ్లు దాన్ని శత్రువని గుర్తు పెట్టుకుంటుంది. మళ్లీ వచ్చినప్పుడు నిమిషాల్లో దద్దుర్లు, వాపు, బీపీ పడిపోవడం, ఊపిరాడకపోవడం. వయసును బట్టి ఈ ఎలర్జీల తీరు మారుతుంది. పాలు, గుడ్డు పడని పసివాళ్లు చాలామంది పెద్దయ్యేసరికి తినగలుగుతారు. రొయ్య అలా కాదు. భీమవరం చెరువుల రొయ్య చిన్నప్పటినుంచీ తిన్నవాడికి కూడా పెద్దయ్యాక ఒకరోజు హఠాత్తుగా పడకపోవచ్చు, వస్తే పోవడం అరుదు. పెన్సిలిన్ ఎలర్జీ చాలామందికి పదేళ్లలో సన్నగిల్లుతుంది. కానీ సన్నగిల్లిందో లేదో పరీక్ష చేసి డాక్టరే తేల్చాలి, రూమ్మేటు స్ట్రిప్పుతో ప్రయోగం చేయకూడదు. మన క్యాంపుల్లో ఊరి నుంచి తెచ్చిన మాత్రలు చేతులు మారుతుంటాయి కాబట్టి చెబుతున్నా. మొహం వాచి ఊపిరాడకపోతే ఇక్కడ అంబులెన్స్ నంబరు 998.

టెట్రాసైక్లిన్లకీ వాటి షరతులున్నాయి. పళ్లు రంగు మారతాయని ఎనిమిదేళ్లలోపు పిల్లలకీ, గర్భిణులకీ మామూలుగా ఇవ్వరు. పాలు, పెరుగుతో కలిపి వేసుకుంటే సరిగా ఒంటికి పట్టవు. ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది. సైటు మనిషికి ఇది ముఖ్యం. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా మనకి పని ఆపేస్తారు సరే, మిగతా పొద్దంతా ఎండే కదా. మా కుర్రాడిని మందు అయ్యేదాకా స్టోర్‌లో కూర్చోబెట్టాను. చేతులు కమిలితే మందు పడలేదని మధ్యలో మానేస్తాడని నా భయం.

సుబ్బారావు 1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగి చనిపోయాడు. 53 ఏళ్లు. భారతీయులకు అమెరికా పౌరసత్వం ఇచ్చే చట్టం 1946లోనే వచ్చినా ఆయన తీసుకోలేదు, పరదేశిగానే పోయాడు. మన తపాలా శాఖ 1995లో ఆయన పేర స్టాంపు వేసింది. స్ప్రూ జబ్బుకి ఇప్పుడు డాక్టర్లు ఇచ్చేది ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. కొన్ని నెలలు వాడితే తగ్గుతుంది. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకి రెండు మందులూ ఆయన లేబొరేటరీ నుంచే వచ్చాయి. రెండోది వచ్చిన ఏడే ఆయన పోయాడు.

కుర్రాడి కాలు మానింది. వాళ్లమ్మ ఫోన్లో చెప్పిందంతా తేదీ, లక్షణాలతో సహా ఓ చీటీ మీద ఇంగ్లిషులో రాసి, వాడి ఎమిరేట్స్ ఐడీ వెనకాల ప్లాస్టిక్ కవరులో పెట్టించాను.