ఒక్క పాట గాయకుడు – క్యూ సాకమోతో

పాశ్చాత్య దేశాల సంగీత వ్యాపారంలో ‘వన్ హిట్ వండర్’ అనే మాట ఒకటి వాడుకలో ఉంది. ఒకే ఒక్క పాటతో శిఖరానికి చేరి, ఆ పైన మరి కనిపించని గాయకునికి వారు పెట్టిన పేరది. అందులో మెప్పు కొంత, చులకన కొంత. అమెరికా వారి లెక్కలో ఈ పేరు మోసినవారిలో జపాన్ గాయకుడు క్యూ సాకమోతో ఒకడు. ఆయన జీవితాన్ని తరచి చూసినప్పుడు మాత్రం ఆ లెక్క కట్టినవారెవరన్న ప్రశ్న మనసులో మెదలక మానదు.

టోక్యో నగరం చెంతనున్న కావసాకి పట్టణంలో 1941 డిసెంబరు 10న సాకమోతో జన్మించాడు. పెరల్ హార్బర్ దాడి జరిగి అప్పటికి మూడు రోజులే. తల్లిదండ్రులకు ఆయన తొమ్మిదవ సంతానం. జపాన్ భాషలో ‘క్యూ’ అంటే తొమ్మిదే! బాల్యం యుద్ధంలోనూ, యుద్ధానంతరపు లేమిలోనూ గడిచింది. ఓడిన దేశంలోకి విజేతల సైన్యంతోపాటు వారి పాటలూ వచ్చాయి. కౌమారంలో ఎల్విస్ ప్రెస్లీని అనుకరిస్తూ పాడడం నేర్చిన సాకమోతో, చిన్న చిన్న వాద్యబృందాలలో చేరి పేరు తెచ్చుకున్నాడు.

ఆయనను చిరస్మరణీయుణ్ణి చేసిన పాటను రచించినవాడు ఎయ్ రోకుసుకె, స్వరపరచినవాడు నకమురా హచిదాయ్. ‘రోకు’ అంటే ఆరు, ‘హచి’ అంటే ఎనిమిది. అందుచేత జపాన్ ప్రజలు ఈ ముగ్గురినీ ముద్దుగా ఆరు – ఎనిమిది – తొమ్మిది అని పిలుచుకున్నారు. 1960లో అమెరికాతో భద్రతా ఒప్పందాన్ని వ్యతిరేకిస్తూ జపాన్‌లో మహోద్యమం చెలరేగింది. అందులో పాల్గొన్న యువకులలో ఎయ్ కూడా ఉన్నాడు. ఉద్యమం విఫలమైంది, ఒప్పందం అమలులోకి వచ్చింది. ఆ నిస్పృహలో నుంచే పాట పుట్టింది. కన్నీరు నేల రాలకుండా తల పైకెత్తి నడుద్దామనే భావం దానికి ప్రాణం. రాజకీయం పేరెత్తకుండా రచించినందున అది వియోగం పాలైన ప్రతి ఒక్కరి పాటా అయింది. 1961లో సాకమోతో కంఠాన వెలువడింది. అచ్చులను విరిచి సాగదీసే ఆయన పోకడ రచయితకు మొదట రుచించలేదంటారు. చివరకు జనం మెచ్చినది ఆ పోకడనే. మాటలు ఆగిన చోట ఆయన వేసే ఈలను కూడా.

జపాన్‌కు వచ్చిన ఒక ఆంగ్ల రికార్డు సంస్థ అధిపతి ఈ పాటను ఇంగ్లండుకు తీసుకుపోయి, కెన్నీ బాల్ జాజ్ బృందం చేత వాయింపజేశాడు. అసలు పేరు తన దేశస్థుల నోట పలకదని తోచి, తనకు తెలిసిన ఒక జపాన్ వంటకం పేరు పెట్టాడు. అదే ‘సుకియాకి’. పలుచగా తరిగిన మాంసం ముక్కలను కూరగాయలతో కలిపి ఉడికించే కూర అది. పాటకూ కూరకూ ఏ సంబంధమూ లేదు. మన గజల్ ఒకదానిని విదేశాలలో ‘బిర్యానీ’ అనే పేరుతో అమ్మితే ఎలా ఉంటుందో పాఠకులే ఊహించుకోవాలి! 1963లో అమెరికాలోనూ సాకమోతో రికార్డు ఆ పేరుతోనే వెలువడి, ఆ జూన్ నెలలో అక్కడి ‘బిల్‌బోర్డ్’ పట్టికలో మూడు వారాలు అగ్రస్థానాన నిలిచింది. ఆసియా భాషలో పాడిన పాట ఆ స్థానాన్ని అందుకోవడం అదే ప్రథమం. అమెరికాతో ఒప్పందం కుదిరినందుకు కార్చిన కన్నీటిని, అర్థం తెలియకుండానే, అమెరికన్లే నెత్తిన పెట్టుకున్నారన్నమాట.

ఆయన తదుపరి రికార్డు ‘చైనా నైట్స్’ అదే పట్టికలో 58వ స్థానం దాటలేదు. అంతటితో అమెరికాలో ఆయన కథ ముగిసింది, బిరుదు స్థిరపడింది. కాని అదే 1963లో స్వదేశంలో ఆయన పాడిన మరి రెండు పాటలు నేటికీ జపాన్ ఇళ్ళలో వినిపిస్తాయి. ఒకటి రాత్రి నక్షత్రాల వంక చూడమంటుంది, రెండవది రేపు ఉన్నది కదా అంటుంది. సినిమాలలో నటించాడు, టెలివిజన్ కార్యక్రమాలు నడిపాడు, వికలాంగుల సంక్షేమానికి పాటుపడ్డాడు. 1971లో నటి కషివాగి యుకికోను వివాహమాడి ఇద్దరు కుమార్తెలకు తండ్రి అయ్యాడు. ఇదంతా ఆ ‘ఒక్క పాట’ లెక్కలో చేరలేదు.

1985 ఆగస్టు 12 సాయంత్రం ఆయన టోక్యో నుండి ఒసాకాకు విమానమెక్కాడు. ఆ విమానం గుమ్మా ప్రాంతపు కొండలలో కూలిపోయింది. అందులోని 524 మందిలో నలుగురే ప్రాణాలతో బయటపడ్డారు. సాకమోతోకు అప్పటికి 43 ఏళ్ళు.

పాట మాత్రం ఆగలేదు. 1981లోనే ‘ఎ టేస్ట్ ఆఫ్ హనీ’ అనే అమెరికన్ బృందం దానికి ఆంగ్లంలో మాటలు కూర్చి పాడగా అది పట్టికలో మూడవ స్థానం వరకు వెళ్ళింది. పేరు మాత్రం కూర పేరే! 2011 మార్చిలో భూకంపం, సునామీ జపాన్‌ను కుదిపివేసినప్పుడు ప్రసిద్ధ కళాకారులెందరో టెలివిజన్‌లో తలా ఒక ముక్కగా ఈ పాటను పాడి వినిపించారు. అప్పటికి స్వరకర్త నకమురా కూడా లేడు, ఆయన 1992లోనే మరణించాడు. ముగ్గురిలో మిగిలిన ఎయ్ రోకుసుకె 2016 వరకు జీవించాడు.