ఆడవాళ్లకు చీరకట్టు నేర్పిన మగవాడు

1910, 20 దశకాల్లో పుణె, ముంబైలలోని మరాఠీ మధ్యతరగతి ఇళ్లలో ఆడవాళ్లు తొమ్మిది గజాల చీర ఎలా కట్టుకోవాలో, కొప్పులో పూలు ఎలా ముడుచుకోవాలో ఒక నటుడిని చూసి నేర్చుకున్నారు. ఆ నటుడు మగవాడు. అసలు పేరు నారాయణ్ శ్రీపాద్ రాజహంస్. జనం పిలిచిన పేరు బాలగంధర్వ.

1888లో పుట్టారు. చిన్నప్పుడు ఆయన పాట విన్న లోకమాన్య తిలక్ ఆ పేరు పెట్టారని చెబుతారు. 1905లో కిర్లోస్కర్ నాటక మండలిలో చేరి, శకుంతలగా రంగస్థలమెక్కారు. భాస్కర్ బువా బఖలే దగ్గర సంగీతం నేర్చుకున్నారు. అప్పటికి పరువుగల ఇళ్ల ఆడవాళ్లు నాటకాల్లో వేషం కట్టడమన్నది ఊహకందని మాట. పాడగలిగిన ఆడవాళ్లు లేక కాదు. బాగా పాడేవాళ్లు చాలామంది వృత్తి గాయనుల కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల పాట కావాలి, వాళ్లు మాత్రం పక్కన కూర్చోకూడదు. ఆ ఖాళీలోకి స్త్రీ వేషధారులు వచ్చారు. మనకు స్థానం నరసింహారావు సత్యభామ ఎలాగో, వాళ్లకు బాలగంధర్వ భామిని అలాగ.

భామిని 'మానాపమాన్' నాటకంలో నాయిక. ఖాడిల్కర్ రాసిన ఈ నాటకం 1911 మార్చి 12న మొదటిసారి ఆడింది. ఆ రోజే బాలగంధర్వ బిడ్డ చనిపోయింది. ప్రదర్శన ఆపలేదు. ఆ రాత్రి ఆయన ముఖానికి రంగు పూసుకుని, గారాలు పోయే ధనవంతుల అమ్మాయిగా నటించారు. ఈ సంగతిని కళాంకితభావానికి ఉదాహరణగా తరచూ చెబుతారు. అదే రాత్రి ఇంట్లో ఉన్న తల్లి, ఆయన భార్య లక్ష్మీబాయి గురించి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు.

1913లో గణేశ్‌రావు బోడస్, గోవిందరావు టెంబేలతో కలిసి సొంతంగా గంధర్వ నాటక మండలి పెట్టారు. అదే ఏడాది ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' తీస్తే తారామతి వేషానికి ఆడవాళ్లు దొరకక సాలుంకే అనే వంటమనిషి చేత వేయించారు. కానీ ఫాల్కే తర్వాతి చిత్రం 'మోహినీ భస్మాసుర్'లోనే దుర్గాబాయి కామత్, ఆమె కూతురు కమలాబాయి నటించారు. సినిమా కొన్ని నెలల్లో దాటిన గడపను మరాఠీ నాటకం దాటడానికి ఏళ్లు పట్టింది. దానికి బాలగంధర్వ ప్రతిభ కూడా ఒక కారణమే. మగవాడే ఇంత అందంగా చేస్తుంటే ఆడవాళ్లు ఎందుకన్న వాదన ఆయనను చూపించే నిలబడింది.

ఆయన నాటకాలంటే ఖర్చుకు లెక్కలేదు. ఖరీదైన చీరలు, అత్తర్లు, తబలా మీద అహ్మద్‌జాన్ తిరక్వా వంటి ఉస్తాద్. ప్రేక్షకులు వన్స్‌మోర్ అన్నకొద్దీ పాట సాగేది, నాటకం తెల్లవారేదాకా నడిచేది. అప్పులూ అలాగే పెరిగాయి. 1921లో తిలక్ స్వరాజ్య నిధి కోసం కేశవరావు భోసలేతో కలిసి 'మానాపమాన్' ఆడారు.

ఆయన చూపించిన స్త్రీ ఎలాంటిది? 'స్వయంవర్'లో రుక్మిణి కోరుకున్నవాడి కోసం తెగించిన పిల్ల. 1919లో వచ్చిన గడ్కరీ 'ఏకచ్ ప్యాలా'లో సింధు అందుకు పూర్తిగా భిన్నం. భర్త తాగుబోతు. ఆమె తిరగలి విసిరి కుటుంబాన్ని పోషిస్తుంది, అతన్ని పల్లెత్తు మాటనదు, చివరికి చచ్చిపోతుంది. హాల్లో ఆడవాళ్లు వెక్కివెక్కి ఏడ్చేవారట. చీరకట్టుతో పాటు ఈ ఓర్పును కూడా ఆయన ఆదర్శంగా చూపించారు. రాసిందీ నటించిందీ మగవాళ్లే.

1929లో గాయని హీరాబాయి బరోడేకర్ సొంత నాటక సంస్థ పెట్టి, స్త్రీ పాత్రలు స్త్రీలే వేసే నాటకాలు ఆడారు. మాటల సినిమా వచ్చి నాటకశాలలు ఖాళీ చేసింది. 1935లో ప్రభాత్ వారి 'ధర్మాత్మ'లో శాంతారాం ఆయన చేత ఏకనాథుడి వేషం వేయించారు. చీరలో మెరిసిన మనిషి పంచెలో జనానికి ఆనలేదు. తర్వాత తెర మీద మీరాబాయిగానూ కనిపించారు. అప్పటికి యాభైకి దగ్గరపడ్డారు. నాటకశాలలో దూరం నుంచి చూసినప్పుడు దాగిన వయసును కెమెరా దాచలేదు.

ఆ దశలోనే గోహర్ కర్ణాటకి ఆయన మండలిలోకి వచ్చారు. ముస్లిం గాయని. బాలగంధర్వ పాటలను ఆయన బాణీలోనే పాడి పేరు తెచ్చుకున్న మనిషి. ఆడదాన్ని అనుకరించిన మగవాడిని ఒక ఆడది అనుకరించిందన్నమాట. ఆయన పక్కన ఆమెను చాలామంది ఒప్పుకోలేదు. సొంతవాళ్లు దూరమయ్యారు. మండలి పతనానికి ఆమే కారణమన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. అప్పులు మాత్రం ఆమె రాకముందు నుంచే ఉన్నాయి. పక్షవాతంతో ఆయన కాళ్లు చచ్చుపడ్డాక దగ్గరుండి చూసుకున్నది ఆమే.

1964లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. గోహర్ ఆ ఏడాదే పోయారు. మూడేళ్లకు, 1967 జులై 15న పుణెలో బాలగంధర్వ కన్నుమూశారు. మరుసటి ఏడాది అదే ఊళ్లో ఆయన పేరిట రంగమందిరం తెరిచారు. ఇప్పుడు అక్కడ స్త్రీ పాత్రలు స్త్రీలే వేస్తున్నారు.