కళ్ళు సహకరించని మేష్టారి బొమ్మల కథలు

సెకండ్ ఇయర్ మొదటి సెమిస్టర్‌లో నా ల్యాబ్ రికార్డు వెనక పేజీల్లో ఒక కామిక్ మొదలుపెట్టాను. హాస్టల్ మెస్‌లో సాంబారు గిన్నెలో పడిపోయిన ఒక కుర్రాడి కథ. నాలుగు పేజీలు గీసి ఆపేశాను. నాకు చేతులు గీయడం రాదు, వేళ్ళు ఎప్పుడూ వంకాయల్లా వస్తాయి. అందుకని నా హీరో మొదటి నుంచీ చేతులు జేబుల్లో పెట్టుకునే ఉంటాడు. సాంబారులో ఈదుతున్నప్పుడు కూడా. రూమ్మేట్‌కి ఒక్కడికే చూపించాను. వాడు నాలుగు పేజీలూ తిప్పి, రికార్డు సబ్మిట్ చేయాల్సింది ఎప్పుడని అడిగాడు.

ఆ రాత్రి నిద్ర పట్టక, అసలు ఈ కామిక్స్ ముందుగా గీసిందెవరా అని వెతకడం మొదలుపెట్టాను. ఏ అమెరికా వాడో, జపాన్ వాడో తేలతాడనుకున్నాను. తేలింది జెనీవాలో పిల్లల హాస్టల్ నడుపుకునే ఒక బడిపంతులు. పేరు రొడోల్ఫ్ టోప్ఫర్. కామిక్స్ చరిత్ర రాసినవాళ్ళు చాలామంది ఈ కళకి తండ్రి ఆయనే అంటారు. మన బ్యాచ్‌లో మాంగా చదివేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు గానీ ఈ పేరు చెప్తే అందరూ మొహాలు చూసుకున్నారు. నాకు మాత్రం ఆయన జీవితం పట్టుకుని వదల్లేదు. ఎందుకంటే ఆయనకీ బొమ్మల విషయంలో ఒక లోపం ఉంది. నా వంకాయ వేళ్ళు దాని ముందు ఏ మూలకీ రావు.

టోప్ఫర్ 1799 జనవరి 31న జెనీవాలో పుట్టాడు. అప్పటికి జెనీవా స్విట్జర్లాండ్‌లో లేదు, ఏడాది ముందే ఫ్రాన్స్ కలిపేసుకుంది. తండ్రి వోల్ఫ్‌గాంగ్ ఆడమ్ టోప్ఫర్ పేరున్న చిత్రకారుడు. ప్రకృతి దృశ్యాలు వేసేవాడు, ఊళ్ళో పెద్దమనుషుల మీద వ్యంగ్య చిత్రాలు కూడా గీసేవాడు. ఇంట్లో రంగుల వాసన మధ్య పెరిగిన కొడుకు ఇంకేమవుతాడు? చిత్రకారుడే అవ్వాలనుకున్నాడు. కానీ యవ్వనం వచ్చేసరికి కళ్ళకి జబ్బు చేసింది. గంటల తరబడి కాన్వాస్ ముందు నిలబడి రంగులు కలిపే పని ఆ కళ్ళ వల్ల కాదని తేలిపోయింది. 1819లో పారిస్ వెళ్ళాడు, కొంత చదువు కోసం, కొంత చికిత్స కోసం. చదువు వచ్చింది, కళ్ళు బాగవలేదు. మరుసటి ఏడాది ఇంటికి తిరిగొచ్చి బడిలో పాఠాలు చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

మనలో చాలామందికి ఇది తెలిసిన కథే కదా. కావాల్సిన సీటు రాకపోతే వచ్చిన బ్రాంచిలో చేరిపోవడం.

1823లో పెళ్ళయింది. 1824లో భార్య తెచ్చిన కట్నం ఆసరాతో సొంతంగా మగపిల్లల బోర్డింగ్ స్కూలు పెట్టాడు. వేరే దేశాల పిల్లలు కూడా అక్కడే ఉండి చదువుకునేవాళ్ళు. ఏటా పిల్లల్ని వెంటబెట్టుకుని ఆల్ప్స్ కొండల్లో రోజుల తరబడి కాలినడకన తిప్పేవాడు. తిరిగొచ్చాక ఆ ప్రయాణాన్ని బొమ్మలతో సహా రాసేవాడు. (ఈ యాత్రలు తర్వాత 1844లో 'జిగ్‌జాగ్ ప్రయాణాలు' అనే అర్థం వచ్చే పేరుతో పారిస్‌లో పుస్తకంగా వచ్చాయి.) మన ఇండస్ట్రియల్ విజిట్లు గుర్తొచ్చి నాకు కొంచెం అసూయ వేసింది, అది వేరే సంగతి.

అసలు విషయం సాయంత్రాల్లో జరిగింది. పిల్లలు చదువుకుంటుంటే ఆయన బల్ల దగ్గర కూర్చుని పెన్నుతో చిన్న చిన్న మనుషుల్ని గీసేవాడు. రంగులు లేవు, నీడలు లేవు, ఉత్త గీతలే. ఇది ఎక్కువసేపు కళ్ళు చికిలించి చూడాల్సిన పని కాదు, చకచకా అయిపోతుంది. ఒక బొమ్మ పక్కన ఇంకో బొమ్మ, కింద చేతిరాతతో ఒక వాక్యం. అలా ఒక మనిషి కథ పేజీలకు పేజీలు నడిచేది. పిల్లలు చుట్టూ మూగి చూసేవాళ్ళు, నవ్వేవాళ్ళు. 1827లో ఇలా పుట్టినవాడే వ్యూ బ్వా. ఫ్రెంచిలో ఆ పేరుకి ముసలి కట్టె అని అర్థం. ఒక లావుపాటి అమ్మాయిని ప్రేమించి ఆమె వెంట ఊళ్ళు పట్టి తిరుగుతాడు. ఎన్ని ఆపదల్లో పడ్డా, బయటపడగానే ముందు చొక్కా మార్చుకుంటాడు. ఆ చొక్కా మార్చుకోవడం కథ పొడవునా మళ్ళీ మళ్ళీ వస్తుంది. మొదటిసారి మామూలుగా ఉంటుంది, నాలుగోసారికి నేను ఒంటరిగా కూర్చుని పైకే నవ్వాను. దాదాపు 200 ఏళ్ళ కిందటి జోకు అది.

ఇంకోటి కూడా గమనించాను. పేజీని ఎప్పుడూ సమానంగా కోయడు. ప్రేయసి కోసం పోటీపడే ఇంకొకడు ఒక మిల్లు చక్రంలో ఇరుక్కుని తిరుగుతుంటాడు. అక్కడ గళ్ళు సన్నగా అయిపోతాయి. ఇటు వీళ్ళు, అటు వాడు, మళ్ళీ ఇటు, మళ్ళీ అటు. సినిమాలో ఎడిటర్ కట్ చేసినట్టే ఉంటుంది. సినిమా పుట్టడానికి అప్పటికి ఇంకా అరవై ఏళ్ళకి పైనే ఉంది!

ఇంత చేసీ ఆయన వీటిని అచ్చు వేయలేదు. చేతిరాత పుస్తకాలుగానే స్నేహితుల మధ్య తిరిగేవి. 1829లో డాక్టర్ ఫెస్టస్ కథ గీశాడు, ఆ తర్వాత మరికొన్ని. అన్నీ సొరుగులోకే. పైగా 1832లో జెనీవా అకాడమీలో సాహిత్యం బోధించే ప్రొఫెసర్ అయ్యాడు. అంత హోదా ఉన్న మనిషి పిచ్చిగీతల పుస్తకం వేస్తే జనం ఏమనుకుంటారు? ఆ భయం ఆయన్ని చాన్నాళ్ళు వెనక్కి లాగింది.

భయం కొంచెం వదిలించింది ఒక 81 ఏళ్ళ ముసలాయన. ఫ్రెడెరిక్ సొరే అని జెనీవా వాడే, వైమార్‌లో రాజకుమారుడికి చదువు చెప్పేవాడు. అతను ఈ చేతిరాత పుస్తకాలు కొన్ని గోథేకి చూపించాడు. అవును, జర్మన్ మహాకవి గోథేనే. 1830 చివర, 1831 మొదట్లో జరిగిందిది. గోథేకి అవి తెగ నచ్చేశాయి. ఒకేసారి అన్నీ చూసేస్తే ఇన్ని ఆలోచనలు అరగవని, కొన్ని పేజీలు చూసి పక్కన పెట్టి, మళ్ళీ కొన్ని చూసేవాడట. ఇంత తేలిక విషయాలు కాకుండా కాస్త బరువైనది ఎంచుకుంటే ఈయన ఇంకెంత చేస్తాడో అని కూడా అన్నాడట. ఆ రెండో మాట నాకు నచ్చలేదు. చొక్కా మార్చుకునే ముసలి కట్టెకి ఏం తక్కువని? కానీ టోప్ఫర్‌కి మొదటి మాట చాలింది. గోథే 1832లో చనిపోయాడు. ఆ మరుసటి ఏడాది టోప్ఫర్ 'జాబో గారి కథ'ను అచ్చుకి సిద్ధం చేశాడు. పెద్దింటి విందులో తనూ పెద్దమనిషినే అనిపించుకోవాలని తంటాలు పడే ఒక మనిషి కథ అది. అయినా జంకు పోలేదు. ప్రతులు రెండేళ్ళు అలాగే ఉంచుకుని, 1835లో గానీ జనంలోకి వదల్లేదు. సంతకం చేయాల్సిన చోట కూడా పొడి అక్షరాలే పెట్టాడు.

ఇప్పుడు కాస్త టెక్నికల్ విషయం. ఆ రోజుల్లో బొమ్మలు అచ్చు వేయాలంటే రాతి మీద జిడ్డు సిరాతో గీసేవాళ్ళు, దాన్నే లితోగ్రఫీ అంటారు. చిక్కేంటంటే రాతి మీద గీసింది కాగితం మీద అద్దంలోలాగా తిరగబడి పడుతుంది. బొమ్మ తిరగబడితే ఏదోలా సర్దుకోవచ్చు. మరి కింద రాసిన వాక్యం? దాన్ని వెనక నుంచి ముందుకి, ఒక్కో అక్షరం తిప్పి రాయాలి. మనకైతే ఫ్లిప్ అని ఒక బటన్ ఉంది. టోప్ఫర్ ఎంచుకున్నది ఆటోగ్రఫీ అనే పద్ధతి. ప్రత్యేకంగా పూత పూసిన కాగితం మీద మామూలుగానే, సూటిగా గీస్తాడు, రాస్తాడు. ఆ కాగితాన్ని రాతి మీద పెట్టి నొక్కితే రాతికి తిరగబడి అంటుకుంటుంది. రాతి నుంచి అచ్చు తీస్తే మళ్ళీ సూటిగా వస్తుంది. రెండుసార్లు తిప్పితే మొదటికొచ్చినట్టు. చెక్కేవాడు అక్కర్లేదు, అక్షరాలు పేర్చేవాడు అక్కర్లేదు. బొమ్మా మాటా ఒకే చేతి నుంచి, ఒకే పెన్ను నుంచి వస్తాయి. బొమ్మలు తీసేస్తే మాటలకి అర్థం ఉండదు, మాటలు తీసేస్తే బొమ్మలు సగమే అర్థమవుతాయి అని ఆయనే చెప్పుకున్నాడు.

1837లో 'క్రెపా గారు' వచ్చింది. మన కాలేజీలో ప్రతి ఒక్కరూ చదవాల్సిన పుస్తకం. క్రెపాకి 11 మంది పిల్లలు. వాళ్ళకి చదువు చెప్పడానికి ఒకరి తర్వాత ఒకరు మేష్టార్లు వస్తారు, ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి, అన్నీ విఫలమే. మధ్యలో పుర్రె మీద బొడిపెలు తడిమి జాతకం చెప్పే శాస్త్రజ్ఞుడొకడు. రాసినవాడు స్వయంగా స్కూలు యజమాని కాబట్టి ఎక్కడ గిచ్చాలో తెలుసు.

పేరొచ్చాక దొంగలూ వచ్చారు. 1839లో పారిస్‌లో ఓబేర్ అనే ప్రచురణ సంస్థ జాబో, క్రెపా, వ్యూ బ్వా మూడింటినీ వేరేవాళ్ళ చేత తిరిగి గీయించి అమ్మేసింది. టోప్ఫర్ ఆ ఏడాదే వ్యూ బ్వా రెండో కూర్పుని తన చేత్తో మళ్ళీ గీసి వేశాడు. ముసలి కట్టె అక్కడితో ఆగలేదు. ఇంగ్లీషులో ఒబడయా ఓల్డ్‌బక్ అని పేరు మార్చుకుని లండన్ చేరాడు, 1842 సెప్టెంబరులో న్యూయార్క్‌లో ఒక పత్రిక అనుబంధంగా అచ్చయ్యాడు. అమెరికాలో వచ్చిన మొదటి కామిక్ పుస్తకంగా చాలామంది దీన్నే లెక్కేస్తారు. దాని మీద టోప్ఫర్ పేరు లేదు.

1845లో మొహాల మీద ఆయన ఒక చిన్న పుస్తకం రాశాడు. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది అదే. ఎంత చేతకాని గీతతో గీసినా సరే, రెండు చుక్కలు, ఒక ముక్కు, ఒక నోరు పడ్డాయంటే ఆ మొహానికి ఏదో ఒక స్వభావం వచ్చి తీరుతుందంటాడు. తెలివితక్కువగానో, కోపంగానో, దిగులుగానో ఉంటుంది, ఏమీ లేకుండా మాత్రం ఉండదు. తర్వాత అదే మొహం తీసుకుని ఒక్క ముక్కే మారుస్తాడు, మిగతావి అలాగే ఉంచుతాడు. తర్వాత నోరు. తర్వాత కనుబొమ్మ. మనం కోడ్‌లో ఒక్కో వేరియబుల్ మార్చి ఔట్‌పుట్ చూసుకుంటాం చూడండి, సరిగ్గా అలాగే, వరసగా మొహాలు. 1960లో ఎర్నెస్ట్ గోంబ్రిక్ అనే కళా చరిత్రకారుడు దీనికి టోప్ఫర్ సూత్రం అని పేరు పెట్టాడు. క్రెపా కూడా అలా పుట్టినవాడేనట. ముందు కథ అనుకుని మనిషిని గీయలేదు, పెన్ను అనుకోకుండా ఒక మొహం గీసింది, ఆ మొహానికి తగ్గ కథ తర్వాత వెతుక్కున్నాడు.

అదే ఏడాది వచ్చిన 'అల్బేర్' మీద నాకంత ఇష్టం లేదు. టోప్ఫర్ పాతకాలపు పద్ధతులే మేలనుకునే మనిషి, జెనీవాలో మార్పు కోరే రాడికల్స్ అంటే పడదు. వాళ్ళ నాయకుడు జేమ్స్ ఫాజీని ఎగతాళి చేయడానికే ఆ పుస్తకం గీశాడు. నవ్వు తక్కువ, కసి ఎక్కువ. అప్పటికే ఆరోగ్యం దెబ్బతింది. కళ్ళు మరీ మొరాయిస్తున్నాయి. 'క్రిప్టోగామ్' కథ పారిస్ పత్రికలో సీరియల్‌గా రావాల్సి వచ్చినప్పుడు, అచ్చు కోసం దాన్ని షామ్ అనే కుర్ర కార్టూనిస్టు చెక్క మీదకి తిరిగి గీశాడు. జీవితమంతా తన గీత తనే అచ్చుకి ఇచ్చుకున్న మనిషికి అది ఎలా అనిపించి ఉంటుందో! నీళ్ళ వైద్యం కోసం విషీ వెళ్ళొచ్చినా లాభం లేకపోయింది. 1846 జూన్ 8న పోయాడు, వయసు 47. బతికుండగా అచ్చయిన బొమ్మల కథలు 7. ఆ అక్టోబరులోనే ఫాజీ వర్గం జెనీవాలో అధికారంలోకి వచ్చింది.

పోయిన వారం ఒక క్లాసులో (ఏ క్లాసో చెప్పను) నోట్‌బుక్ మూల పెన్నుని దాని ఇష్టానికి వదిలేశాను. పొడుగు ముక్కు పడింది, కింద పెదవి పడలేదు. చూస్తే అప్పిచ్చి తిరిగి అడగలేని మనిషిలా ఉన్నాడు. ఇప్పుడు ఆరో పేజీలో ఉన్నాను. ఇతనూ చేతులు జేబుల్లోంచి తీయడు, కాకపోతే ఇతనికి కారణం ఉంది. జేబులు ఖాళీ అని ఎవరికీ తెలియకూడదు. ఇంటర్నల్స్ అయ్యాక రూమ్మేట్‌కి చూపిస్తాను.