పట్టా లేని శాస్త్రవేత్త, పేరు లేని పిట్టలోళ్లు

లాడ్ బజార్ గాజుల దుకాణాలు దాటి ముందుకు నడిస్తే మహబూబ్ చౌక్ గడియార స్తంభం, ఆ పక్కనే ముర్గీ చౌక్ వస్తాయి. కోళ్లు, పావురాలు, పంజరపు పిట్టలు అమ్మే సంత అది. ఇలాంటి సంతలకు తరతరాలుగా అడవి పిట్టలను పట్టి తెచ్చినవారు వల, ఉచ్చు తప్ప వేరే ఆస్తి ఎరుగని సంచార కులాలవారు. మన బీసీ-ఎ జాబితాలోని పారధి (మీర్‌షికారి) కులం పేరులోనే వేట ఉంది. పిట్ట కూతను బట్టి దాని జాతిని, జాడను చెప్పగల ఈ మనుషులను ఏ విశ్వవిద్యాలయమూ జీవశాస్త్రవేత్తలుగా గుర్తించలేదు.

1931లో ఇదే హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే మొదలుపెట్టిన సలీం అలీకి కూడా డిగ్రీ పట్టా లేదు. అయినా ఆయన భారత పక్షిశాస్త్రానికి మారుపేరయ్యారు. ఈ తేడా ఎక్కడిదో ఆయన జీవితంలోనే వెతకాలి.

1896లో బొంబాయిలో పుట్టిన ఆయన పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి, మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగారు. పదేళ్ల ప్రాయంలో తుపాకీతో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. అదేమిటో తెలుసుకొమ్మని మేనమామ ఆయనను బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. కార్యదర్శి మిల్లర్డ్ ఆ బాలుడికి భద్రపరచిన పక్షుల అరలన్నీ తెరిచి చూపారు. వేటగాడి పిల్లవాడు అదే పిట్టతో అదే గుమ్మం ముందు నిలబడి ఉంటే ఆ అరలు తెరుచుకునేవా?

బర్మాలో కుటుంబ వ్యాపారం కలిసిరాక తిరిగివచ్చిన సలీం అలీ, సెయింట్ జేవియర్స్ కళాశాలలో జంతుశాస్త్రం చదివారు. పట్టా లేదన్న కారణంతో జువలాజికల్ సర్వే ఉద్యోగం దక్కలేదు. తర్వాత బెర్లిన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఎర్విన్ స్ట్రెసెమాన్ వద్ద శిక్షణ పొందారు. తిరిగివచ్చాక ఉద్యోగం లేకపోయినా, ఖర్చులు భరిస్తే చాలు, జీతం వద్దని సంస్థానాలకు ప్రతిపాదించారు. నిజాం ప్రభుత్వం అంగీకరించింది. భార్య తెహ్మినాతో కలిసి సంస్థానంలోని అడవులు తిరిగారు. జీతం లేకుండా పనిచేయగలగడం కూడా ఒక వారసత్వమే. ఆయన శ్రమను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. అంతటి ఓర్పు ఎందరికో ఉండదు.

తర్వాతి కాలంలో వలస పక్షుల కాళ్లకు ఉంగరాలు తొడిగే పనికి ఆయన బిహార్ మీర్‌షికారీలనే పిలిపించుకున్నారు. పిట్టకు గాయం కాకుండా పట్టడం వారికే తెలుసు. సంచార జీవనం గడిపే అనేక సమూహాలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసిన 1871 నాటి చట్టం రద్దయింది 1952లో. శాస్త్రానికి అవసరమైన నైపుణ్యం, పోలీసు దస్త్రాల్లో అనుమానానికి కారణమైన నైపుణ్యం ఒకటే.

కడప జిల్లా కలివి కోడి కథ మరీ స్పష్టం. 1900 తర్వాత శాస్త్రవేత్తల కంటపడని ఆ పక్షి అంతరించిందనే చాలామంది అనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి సమీపాన, సొసైటీ పరిశోధక బృందానికి సాయపడుతున్న ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో దానిని పట్టుకున్నాడు. అప్పటికి సలీం అలీకి 89 ఏళ్లు. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు.

ఆ పక్షి కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఇంగ్లీషు పుస్తకాల్లో అది ఇప్పటికీ జెర్డాన్ అనే తెల్లదొర పేరుతోనే ఉంది.